పట్టికలో లేని మూడు అంగలు

మొన్న పక్క రాష్ట్రంలో టార్నీట్ అనే ఊరి నుంచి ప్రవీణ్ అనే అతను ఫోన్ చేశాడు. మా చర్చిలో తెలిసినవాళ్ళ తమ్ముడట. పంటలకీ అడవులకీ చేటు చేసే జంతువుల్ని అదుపు చేసే పనిలో కొత్తగా చేరాడు. చేతికి రైఫిల్ ఇచ్చారు. "అంకుల్, జీరో ఎంతకి పెట్టుకోమంటారు? హండ్రెడ్ మీటర్లా, టూ హండ్రెడా? ఒక్క ముక్కలో చెప్పండి, లంచ్ బ్రేక్‌లో ఉన్నాను" అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పలేనన్నాను. నవ్వాడు. పక్క గదిలోంచి మా అమ్మాయి బ్యూలా, "జస్ట్ టెల్ హిమ్ టూ హండ్రెడ్, డాడ్" అని అరిచింది. మా అమ్మాయికి నా తెలుగంతా అర్థమవుతుంది. నేను చెప్పబోయేది ఏమిటో మాత్రం అర్థం కాదు.

రెండు వందలు అని చెప్పి ఫోన్ పెట్టేసి ఉండొచ్చు. జవాబు తప్పేమీ కాదు. కానీ ఆ ఒక్క ముక్కే తెలిసి నేను ఒకసారి రైఫిల్ ఎత్తాను. అందుకని ఇది రాస్తున్నాను. ప్రవీణ్ చదువుతాడో లేదో నాకు తెలియదు. లంచ్ బ్రేక్‌లో మాత్రం చదవొద్దని మనవి.

లేత్ మిషను మనిషి

ఇప్పుడు సిడ్నీలో మేముండే పెండిల్ హిల్‌లో సరుకుల కొట్టుకి వెళ్తే మనవాళ్ళు పలకరిస్తారు. "రిటైర్ కాకముందు ఏం చేసేవారు అంకుల్?" డాక్టరనో ఇంజనీరనో అంటానని మొహం సిద్ధంగా పెట్టుకుంటారు. రైఫిళ్ళకి గురి సరిచేసేవాణ్ణి, అడవి మేకల్నీ పందుల్నీ కాల్చేవాణ్ణి అంటాను. ఆ తర్వాత వాళ్ళకి కందిపప్పు ప్యాకెట్టు మీద తారీకు చదవాల్సిన పని పడుతుంది.

ఏడో తరగతితో నా బడి అయిపోయింది. తెనాలిలో నీళ్ళ పంపులు బాగుచేసే షాపులో లేత్ మిషను మీద పదిహేడేళ్ళు పనిచేశాను. వెంట్రుకలో పదో వంతు తేడా కూడా చెయ్యి చెప్పేది. నా భార్య సుగుణ నర్సు. ఆమె ఉద్యోగం మీద ఈ దేశం వచ్చాం, న్యూ సౌత్ వేల్స్‌లో బాగా పడమటగా ఉన్న ఒక చిన్న ఊరికి. ఎర్ర మట్టి, రేకుల కప్పులు, ఒక పబ్బు, ఒక ఆసుపత్రి. నాకు ఆ జిల్లా పశుపంటల బోర్డులో స్టోర్ కీపర్ పని దొరికింది. బళ్ళూ రైఫిళ్ళూ శుభ్రం చేసి పెట్టాలి. అది ఎనభై ఎనిమిది.

ఆ మరుసటి ఏడు బ్యూలా చదువు కోసం సుగుణ సిడ్నీ ఆసుపత్రికి మారింది. నేను ఉండిపోయాను. సిడ్నీలో నాకు పని ఎవడిస్తాడు? రెండు నెలలకోసారి బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. మిగతా రోజుల్లో నా నోటి నుంచి తెలుగు మాట వారానికి ఒకసారి, ఆదివారం ఫోన్లో వచ్చేది. బండి నడుపుతూ ఒక్కణ్ణే కీర్తనలు పాడుకునేవాణ్ణి. కొన్నిసార్లు రెండో చరణం గుర్తొచ్చేది కాదు. గుర్తుచేసేవాడు లేడు.

రైఫిల్ పని నాకెవరూ నేర్పలేదు. స్టోర్‌లో అట్ట చిరిగిన ఒక పుస్తకం ఉండేది. అందులో ఏ తూటా ఎంత దూరంలో ఎంత కిందికి జారుతుందో పట్టికలు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక చలికాలమంతా చదివాను. తెలిసిందేమిటంటే, తూటా తిన్నగా పోదు. బంతి విసిరినట్టు కాస్త పైకి లేచి, వంగి, కిందికి దిగుతుంది. మన చూపు మాత్రం తిన్నగా పోతుంది. ఆ వంపు దిగుతూ చూపుతో కలిసే దూరాన్ని జీరో అంటారు. అక్కడ స్కోప్‌లో, అంటే రైఫిల్ మీది దుర్భిణిలో, ప్లస్ గుర్తు దేనిమీద ఉంటే తూటా దానికే తగులుతుంది. మిగతా దూరాల్లో ఎంతో కొంత పైనో కిందో. కాబట్టి జీరో పెట్టుకోవడమంటే ఎక్కడెక్కడ ఎంతెంత తప్పడానికి మనం ఒప్పుకుంటున్నామో తేల్చుకోవడం. ఈ వాక్యం ఏ పుస్తకంలోనూ లేదు. నాది.

డగ్ గారి మూడు వందలు

మా పైవాడు డగ్. మంచి షూటర్, చెడ్డ బాసు. అన్ని రైఫిళ్ళకీ జీరో మూడు వందల మీటర్లకే ఉండాలని అతని ఆజ్ఞ. ఎందుకయ్యా అంటే, దూరంగా ఉన్నదాన్ని కొట్టగలిగితే దగ్గరున్నది ఎక్కడికి పోతుందనేవాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ మా రైఫిల్ మూడు వందలకి పెడితే నూటయాభైలో తూటా జానెడుకి కాస్త తక్కువగా పైకి పోతుంది. మేక ఛాతీ ఎంతుంటుంది? గుండె మీద గురిపెడితే వెన్ను మీదుగా పోతుంది. లేకపోతే వెన్నులో తగిలి, అది ముళ్ళపొదల్లోకి ఈడ్చుకుంటూ పోతుంది.

నాకు పుస్తకం మాటే కాదు, నేల మాట కూడా కావాలి. ఆరు నెలలు షూటర్ల వెంట వెళ్ళి, ఎవరు ఏ జంతువుని కొట్టినా, కాల్చిన చోటు నుంచి అది పడిన చోటుదాకా నడిచి అంగలు లెక్కపెట్టి నోట్‌బుక్కులో రాశాను. నా అంగ ఇంచుమించు ఒక మీటరు. పబ్బులో మూడు వందలన్న దూరం నా కాళ్ళకి నూట నలభై వచ్చేది. మనుషుల నోట్లో దూరాలు నానబెట్టిన శనగల్లా ఉబ్బుతాయి. దాదాపు అన్నీ రెండు వందల లోపే. రెండు వందలకి జీరో పెడితే, దారిలో రెండు మూడు వేళ్ళ మందం కంటే ఎక్కడా ఎక్కువ పైకి లేవదు. దాటాక కూడా కాస్త దూరందాకా అంతకంటే కిందికి పోదు. మేకకి, పందికి అది చాలు.

నోట్‌బుక్కు పట్టుకెళ్ళి డగ్‌కి చూపించాను. పేజీ కూడా తిప్పలేదు. "రాటీ, నువ్వు నీ స్టోర్ చూసుకో మేట్" అన్నాడు. నా పేరు రత్నం. అది నోరు తిరగక రాటీ చేశారు. ఎలుక లాంటివాడని అర్థం. అందరూ నవ్వేవాళ్ళు, ప్రేమగానే అనుకుంటా.

నేనేం చేశానంటే, శుభ్రానికి వచ్చిన రైఫిల్ని వచ్చినట్టు రెండు వందలకి మార్చేశాను. ఎవరికీ చెప్పలేదు. గాయపడి తప్పించుకునే మేకలు తగ్గాయి. ఏడాది తర్వాత డగ్ పెద్ద మీటింగులో, జీరో విషయం తను మళ్ళీ ఆలోచించానని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇంకా మండుతూనే ఉంది.

అయినా నిజం చెప్పుకోవాలి. చెప్పకుండా మార్చడం నా తప్పు. మూడు వందలని నమ్మి దూరపు పందిని కొట్టినవాడి తూటా దాని కాలికి తగిలింది. ఆ పంది కుంటుకుంటూ పోయింది. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా మెట్టు తీసేసినట్టయింది నా పని. అప్పుడు నేర్చుకోవాల్సింది అప్పుడు నేర్చుకోలేదు. నా లెక్క సరైనదే కదా అన్న పొగరులో ఉన్నాను. ఆ తర్వాత నన్ను కూడా షూటర్‌గా తీసుకున్నారు. పొగరు రెట్టింపయింది.

కీత్

మేము తిరిగే గొర్రెల ఎస్టేట్లలో ఒకటి కీత్‌ది. మా ఊరి నుంచి గంటన్నర దారి. అతనికి డెబ్భై దాటాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. అక్కడ పనున్న వారాల్లో నేను ఉన్ని కత్తిరించేవాళ్ళ గదుల్లో పడుకునేవాణ్ణి. వాళ్ళు ఏటా కొన్ని వారాలే వస్తారు. మిగతా కాలమంతా ఖాళీ. రేకుల కింద ఇరవై ఇనప మంచాలు, నేనొక్కణ్ణి. రోజుకో మంచం మారి పడుకునేవాణ్ణి, ఎందుకో నాకే తెలియదు.

మొదటి వారమే కీత్ అడిగాడు, మీ అమ్మ నిన్నేమని పిలిచేదని. రత్నం అన్నాను. రెండుసార్లు నోట్లో తిప్పుకుని చూశాడు. ఆ రోజు నుంచి రత్నమే. అక్కడి మగవాళ్ళలో నన్ను పేరుతో పిలిచినవాడు అతనొక్కడే.

పని ముగించి వస్తే వరండాలో టీ పెట్టేవాడు. పెద్దగా మాట్లాడుకునేది లేదు. ఉన్ని ధర కూలిపోయిన ఏడు అది. రోడ్డు మీద బండి పోతే అదెవరిదో చెప్పేవాడు. చుట్టూ తిరిగేది డచెస్ అనే ముసలి ఆడగుర్రం, ఇరవై రెండేళ్ళది. భార్య ఎక్కిన గుర్రం. ఇప్పుడెవరూ ఎక్కరు. వరండా కమ్మీ మీదుగా తల పెట్టి అతని టీ కప్పు వాసన చూసేది. ఒకసారి నా నోట్‌బుక్కు తీసి ఓపిగ్గా అన్ని పేజీలూ చూశాడు. అంగలు, దూరాలు, ఎంత పైన, ఎంత కింద.

"అన్నీ కొలిచావు నువ్వు" అన్నాడు.

అన్నీ కొలిచానన్నాను. ఆ మాట నాకు ఏ ప్రమోషన్ కంటే ఎక్కువ.

ఒక్కటి చాలన్నాడు

ఒక మధ్యాహ్నం నేను బండి కింద పడుకుని ఆయిల్ మారుస్తున్నాను. కీత్ నడిచి వచ్చాడు. పరుగెత్తే వయసు కాదు, అయినా ఊపిరి అందడం లేదు. గొర్రెలు దాటకుండా దారికి అడ్డంగా ఇనప కడ్డీలు పరిచిన చోట డచెస్ కాలు ఇరుక్కుంది. నేను వెళ్ళి చూశాను. కాలు విరిగింది. పశువుల డాక్టరు రావాలంటే మూడు గంటలు పడుతుంది. కీత్ దగ్గర రైఫిల్ ఉంది. తీసుకురాలేదు.

"నా గురి ఇప్పుడు కుదరదు, రత్నం. నువ్వయితే ఒక్కటి చాలు. రెండోది దానికి వినపడకూడదు."

సరేనన్నాను. అతను తాడు పట్టుకుని దాని మెడ పక్కన నిలబడ్డాడు. ఏదో చెబుతున్నాడు దానికి. అది ఈ పక్కకి తిరిగి నన్ను చూసింది. మూడు అంగల దూరం. రైఫిల్ ఎత్తాను. అంత దగ్గర్లో స్కోప్‌లో అంతా పొగమంచులా ఉంది. మసగ్గా రోమాలు. అప్పుడైనా ఆగాల్సింది. ఆగలేదు. జిల్లాలో నా అంత బాగా గురి తెలిసినవాడు లేడు కదా. ప్లస్ గుర్తు ఎక్కడుండాలో సరిగ్గా అక్కడే పెట్టాను. ఒట్టు, అక్కడే పెట్టాను.

తూటా కింద తగిలింది. అది పడలేదు. అరిచింది. గుర్రం అలా అరుస్తుందని నాకు తెలియదు. తాడు కీత్ చేతుల్ని ఒరుసుకుపోయింది. నేను మళ్ళీ తూటా ఎక్కించి, అది తల విసురుతూ ఉంటే దొరకబుచ్చుకుని కాల్చాను. ఆ రెండింటి మధ్య ఎంతసేపు పట్టిందో నేను కొలవలేదు.

కీత్ తాడు విప్పుకున్నాడు. దాన్ని మళ్ళీ చుట్టగా చుట్టాడు. నావైపు చూడకుండానే అన్నాడు, "అన్నీ కొలిచానన్నావు."

ఆ సాయంత్రం వరండాలో టీ లేదు.

మర్నాడు ఎండిపోయిన వాగు గట్టుకి ఒక అట్టపెట్టె ఆనించి, ఒక అంగ నుంచి కాల్చాను. తర్వాత రెండు, మూడు, అయిదు, పది. మూడు అంగల దగ్గర చిల్లు ప్లస్ గుర్తుకి రెండు వేళ్ళ కింద పడింది. ముందే తెలియాల్సిన సంగతి. స్కోప్, తూటా వచ్చే గొట్టానికి పైన కూర్చుని ఉంటుంది. చూపు పైనుంచి పోతుంది, తూటా కిందనుంచి బయల్దేరుతుంది. దాదాపు ముప్ఫై అయిదు అంగలు పోతే గాని తూటా లేచి చూపుని అందుకోదు. జీరో నూరుకి పెట్టు, మూడు వందలకి పెట్టు, మూడు అంగల దగ్గర అది కిందే ఉంటుంది. లేత్ మీద పదిహేడేళ్ళు కత్తి ఎత్తు సరిచూసి గాని చక్రం తిప్పనివాణ్ణి. నాకు తట్టలేదు.

ఎందుకు తట్టలేదో కూడా చెబుతాను. నా పుస్తకంలో పట్టిక యాభై గజాల దగ్గర మొదలవుతుంది. నేను అక్కడే మొదలుపెట్టాను. బళ్ళో చదివినవాడు పుస్తకాన్ని అనుమానించడం ఎక్కడో నేర్చుకుంటాడేమో. నాలాగా ఒక్కడే కూర్చుని చదువుకున్నవాడికి ఆ ఒక్క పుస్తకమే మేష్టారు. మేష్టారు చెప్పనిది లోకంలో లేదనుకుంటాడు.

సుగుణ అడిగిన మాట

కొత్త పట్టిక రాశాను, ఒక అంగ నుంచి మొదలుపెట్టి. అది పట్టుకుని కీత్ ఇంటికి వెళ్ళాను. అతను దోమతెర తలుపు తీయలేదు. నేను బయట నిలబడి స్కోప్ ఎత్తు, తూటా దారి, పుస్తకంలో లేని యాభై గజాలు, అన్నీ వివరించాను. అంతా విన్నాడు. "పోతూ గేటు వేసి వెళ్ళు" అన్నాడు.

ఆదివారం ఫోన్లో సుగుణకి చెప్పాను. ఇంత వివరంగా చెప్పినా ఆ ముసలాడికి ఎక్కలేదని విసుక్కున్నాను. ఆమె "ఏమండీ, ఆయనకి లెక్క చెప్పారా, తప్పయిందని చెప్పారా?" అంది.

ఫోన్ పెట్టేశాను. వారం రోజులు కోపంగా తిరిగాను. ఎవరి మీద కోపమో తేలలేదు. ఎనిమిదో రోజున నాలుగు వాక్యాల ఉత్తరం రాశాను. అందులో అంకెలు లేవు. జవాబు రాలేదు. దాదాపు రెండేళ్ళు రాలేదు. కీత్ ఎస్టేటు పని పడితే వేరేవాళ్ళని పంపమని డగ్‌ని అడిగి తప్పించుకునేవాణ్ణి. మిగతా చోట్ల టీ ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. ఇచ్చి, రాటీ అనేవాళ్ళు.

పట్టిక నకళ్ళు తీసి అందరి రైఫిళ్ళకీ అంటించాను. ఈసారి ప్రతివాడికీ చెప్పి అంటించాను. మూడు అంగల్లో ఎవడు కాలుస్తాడని డగ్ నవ్వాడు. పరుగెత్తలేనివాటిని ఎంత దూరం నుంచి కాలుస్తావని అడిగాను. నవ్వు ఆపాడు. అతని దగ్గర నేను గెలిచింది ఆ ఒక్కసారే.

తొంభై రెండు చివర్లో ఒక పొద్దున డగ్ రేడియో దగ్గర నుంచి లేచి, చేత్తో కాగితం పట్టుకుని స్టోర్‌లోకి వచ్చాడు. కీత్ ఎవరినో పంపమంటున్నాడట. "ఇక్కడ రత్నం ఎవరు?" అన్నాడు.

నేనేనన్నాను.

కీత్ పెరట్లో, వాళ్ళు పెప్పర్ ట్రీ అనే చెట్టు కింద గోతం మీద అతని కుక్క బ్లూ పడుకుని ఉంది. ముసలిది. కిడ్నీలు పోయాయి, మూడు రోజులుగా లేవడం లేదు. కీత్ పలకరింపుగా తల ఆడించాడు, అంతే. దాని ముందు మాంసం ముక్క పెట్టి, పక్కకి జరిగి, దాని పేరు పిలిచాడు. అది తోక కొట్టింది. నేను మూడు అంగల్లో నిలబడ్డాను. స్కోప్ పొగమంచులా ఉంది, ఎప్పటిలాగే. ప్లస్ గుర్తుని రెండు వేళ్ళు పైన పెట్టాను.

ఒక్కటి. తోక ఇంకా గోతం మీద ఆడుతూ ఉండగానే అయిపోయింది.

ఇద్దరం గొయ్యి తీశాం. అప్పుడు కీత్ "నీ కాగితం చూపించు" అన్నాడు. రైఫిల్‌ని భుజానికి ఆనించే చెక్కకి అంటించి ఉంది, చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని, మొదటి వరసల మీద వేలు ఆనించి, మూడు దగ్గర ఆపాడు.

"ఇది డచెస్ తర్వాత రాసిందేనా?"

అవునన్నాను.

"మరి దాని పేరేదీ?"

చొక్కా జేబులోంచి వడ్రంగి పెన్సిలు తీసి ఇచ్చాడు. నేను ఇంగ్లీషులో మొదలుపెట్టబోతే ఆపాడు. "మీ అక్షరాల్లో రాయి. అర్థం కానిదాన్ని ఎవడూ తుడిచేయడు" అన్నాడు. రాశాను. అక్షరం అక్షరం చూశాడు. తర్వాత లోపలికెళ్ళి కెటిల్ పొయ్యి మీద పెట్టాడు.

ప్రవీణ్‌కి

రెండు వందలకి పెట్టుకో. మేకకీ పందికీ అదే సరి. వేరే తూటా ఇస్తే మళ్ళీ కాగితం మీద కాల్చి చూసుకో, పుస్తకాన్ని నమ్మకు. దూరాన్ని నోటితో చెప్పేవాణ్ణి నమ్మకు, నడిచి చూడు. ఎవరి రైఫిల్ ముట్టుకున్నా వాళ్ళకి చెప్పు.

మీ బోర్డు కూడా నేను తయారుచేసి, కీత్ పెన్సిలుతో పేరు రాసిన ఆ పట్టికనే నకలు మీద నకలు తీసి వాడుతోందని ఈమధ్య తెలిసింది. నీ రైఫిల్‌తో పాటు అదీ ఇచ్చి ఉంటారు. చూడు. మూడు అంగల వరస పక్కన గీతల్లాంటివి ఉంటాయి. మరకనుకుని కొత్త నకలులో వదిలేస్తారేమోనని నా భయం. మరక కాదు. ఇన్నేళ్ళలో అది చేతికొచ్చిన వాళ్ళలో దాన్ని చదవగలిగినవాడివి నువ్వే. ఒకసారి పైకి చదువు.